ఛీ టీచరు, ముగ్గురు చిట్టిలు

చేపల కొట్టు మీది మేడలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే ఛీ టీచరు, లాడ్జిలో గదులు కడిగే ఆడవాళ్ల కంపు భరించలేక క్లాసు మధ్యలోనే లేచి వెళ్లిపోయిందని ఆ వీధంతా చెప్పుకున్నారు. పంక్చర్లు వేసేవాడు చెప్తే టీకొట్టాయన నమ్మాడు. టీకొట్టాయన చెప్పాక ఇక నమ్మనివాళ్లు మిగల్లేదు.

"ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని మెట్లు దిగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు. నా కళ్లతో నేను చూశా," అన్నాడు పంక్చర్లతను.

"పాపం వాళ్లేం చేశారు? ఒంటికి ఫినాయిల్ వాసన, అంతేగా," అంది కూరలు కొనడానికి వచ్చినావిడ.

"ఆవిడకి తన నీడ తగిలినా ఛీ అంటుందమ్మా," అని టీకొట్టాయన తేల్చేశాడు.

నమ్మడానికి కష్టపడాల్సిన కథ కాదది. ఆవిడ తీరు అలాంటిది మరి. బస్సులో పైన పట్టుకునే కడ్డీని చూస్తే ఆవిడకి ఒళ్లు జలదరించేది. ఎన్ని చేతుల చెమట తాగిందో అని నిలువుకాళ్ల మీద తూలుతూనే ప్రయాణం చేసేది గానీ దాన్ని ముట్టుకునేది కాదు. వేలికి ఉమ్మి రాసుకుని కాగితం తిప్పేవాళ్లు, టీగ్లాసు అంచులో వేలు ముంచి అందించేవాళ్లు, ఆవులిస్తూ నోరు మూసుకోనివాళ్లు, మూసుకున్న అదే చేత్తో భుజం తట్టేవాళ్లు - లోకమంతా ఇలాంటివాళ్లతోనే కిక్కిరిసి ఉన్నట్టు ఆవిడకి తోచేది. సంచిలో ఎప్పుడూ మూడు నాలుగు చేతిరుమాళ్లుండేవి. ఒకటి ముక్కుకి, ఒకటి కుర్చీ తుడవడానికి, ఒకటి తలుపు గడియ తియ్యడానికి.

అయితే ఆ ఛీకి పక్షపాతం లేదు. గొప్పవాడి సెంటు వాసనకీ, బీదవాడి చెమట వాసనకీ ఒకటే మూతి విరుపు. జలుబు చేస్తే తన మీద తనకే అసహ్యం వేసి అద్దంలోకి చూసుకునేది కాదు.

ఆవిడ అన్నగారింట్లో ఒక గదిలో ఉండేది. వదినగారు వచ్చినవాళ్లందరికీ ఒకే ముచ్చట చెప్పేది.

"మా ఆడపడుచుని చూసుకోడానికి వచ్చాడమ్మా ఆ అబ్బాయి. ఉద్యోగం, ఇల్లు, అన్నీ ఉన్నాయి. చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడని వద్దనేసింది!"

"ఆ వేలితోనే నాకు బిస్కట్టు అందించాడు వదినా," అనేది ఆవిడ, ఇరవై ఏళ్లయినా ఆ బిస్కట్టు ఇంకా కళ్ల ముందే ఉన్నట్టు.

పిల్లలకి ఆవిడ ఛీ అత్త. వీధికి ఛీ టీచరు. ఎదురుగా అనకపోయినా ఆవిడకి తెలుసు. తెలిసి బాధపడేది కాదు. "అసహ్యమైనదాన్ని చూసి ఛీ అనకపోతే, అది అసహ్యమని ఎవరికి తెలుస్తుంది?" అనుకునేది.

ఇంగ్లీషు వ్యాకరణంలో మాత్రం ఆవిడకి ఒక పాఠం మీద ఎక్కడలేని ప్రేమ. ప్రాపర్ నౌన్ పాఠం. పేర్ల పాఠం. మనిషి అనే మాట ఎవరికైనా చెల్లుతుంది, ఊరు అనే మాట ఏ ఊరికైనా చెల్లుతుంది, ఒక పేరు మాత్రం ఒకరికే. అందుకే దానికి పెద్దక్షరం; వాక్యం మొదట్లో ఉన్నా, మధ్యలో ఉన్నా, చివర నక్కి ఉన్నా సరే. దాని ముందు ఎ అని పెట్టకూడదు. ఒక బల్ల అనొచ్చు, ఒక కుర్చీ అనొచ్చు, పేరున్న మనిషిని పట్టుకుని "ఒక" అనకూడదు. పేరుని చిన్నక్షరంతో రాస్తే, వచ్చిన మనిషిని కుర్చీ ఉండగా నేల మీద కూర్చోబెట్టినట్టు ఆవిడకి తోచేది; చేతిలో ఎర్ర పెన్ను ఊరుకునేది కాదు.

"పది మంది చేతులు పడనిది పేరొక్కటే," అనేది. ఆవిడ నోటి నుంచి అంతకు మించిన పొగడ్త ఉండదు.

ఆ క్లాసు నడిపే ఆయన్ని అందరూ డైరెక్టరుగారు అనేవాళ్లు. డైరెక్టరుగారు పుల్లతో పళ్లు కుట్టుకుని, ఆ పుల్లని పారెయ్యకుండా చెవి మీద దోపుకునేవాడు. మళ్లీ కావాలి కదా అని. ఛీ టీచరు ఆయనతో మాట్లాడేటప్పుడు ఆయన వెనక ఉన్న గోడతో మాట్లాడేది.

ఒకరోజు ఆయన, "మేడమ్, ఎదురు లాడ్జితో మాటైంది. గదులు కడిగే ఆడవాళ్లు ముగ్గురొస్తారు. బయటి దేశాలవాళ్లు దిగుతున్నారట, నాలుగు ముక్కలు ఇంగ్లీషు రావాలట. పేరు చెప్పడం, తువ్వాలు కావాలా అనడం, సారీ చెప్పడం. చివర్న మేనేజరుగారే వచ్చి పరీక్ష పెడతారు. నెగ్గినవాళ్లకి పని ఉంటుంది, లేనివాళ్లకి లేదు," అన్నాడు.

ముగ్గురూ మధ్యాహ్నం పని మధ్యలో దొరికే తీరికలో మొహాలు కడుక్కుని, పనిబట్టల్లోనే వచ్చేవాళ్లు. వాళ్లతోపాటు ఫినాయిల్ వాసన వచ్చింది. కింద చేపల పొలుసు, పేగులు, కరిగిన మంచు కలిసిన నీచు వాసన కిటికీలోంచి ఎక్కివచ్చే ఆ గదిలో, ఆవిడ చేరినప్పటినుంచీ మొదటిసారి కాస్త గాలి పీల్చగలిగింది. కుర్చీ తుడిచి, చేతిరుమాలు మడిచి సంచిలో పెట్టి, "మీరు కొంచెం ముందు బెంచీకి రండి," అంది.

మొదటి పాఠం పేర్లే. మై నేమ్ ఈజ్ అని బోర్డు మీద రాసి, పక్కన ఖాళీ ఉంచి, పలకల మీద ఎవరి పేరు వాళ్లు రాయమంది. ఇంగ్లీషు అక్షరాలు వాళ్లకి ముందే కొద్దిగా వచ్చు. ముగ్గురూ వంగి కూర్చుని, నాలుక బయటపెట్టి రాశారు. పలకలు ఎత్తిపట్టుకున్నారు.

మూడింటి మీదా చిట్టి అని ఉంది.

"ఛీ! పేరు కూడా చూసి రాస్తారా?" అంది టీచరు.

"చూసి రాయలేదండీ," అంది వాళ్లలో పెద్దావిడ. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, చొక్కా మీద గుచ్చుకున్న బ్యాడ్జీని వేలితో చూపించింది. చిట్టి. పక్కనున్నామెకీ అదే. చివర్న కూర్చున్న చిన్నమ్మాయికీ అదే.

"మేమంతా చిట్టిలమే టీచరమ్మా," అంది నడిమామె నవ్వుతూ. నవ్వడం ఆమెకి దగ్గులాంటిది, ఆపుకోలేదు. "ఈవిడ కిందంతస్తు చిట్టి, నేను మధ్యంతస్తు చిట్టి, ఇది పైఅంతస్తు చిట్టి. మా అత్త పిలిస్తే కూడా చిట్టీ అంటేనే పలుకుతున్నాను ఈ మధ్య."

విషయం ఇది. లాడ్జి తెరిచిన కొత్తలో చిట్టి అని ఒకావిడ పనికి ఉండేదట. ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరు. ఆవిడ పని అద్దంలా ఉండేదని, వచ్చినవాళ్లంతా చిట్టిని పంపండి, చిట్టిని పంపండి అనేవాళ్లట. కీళ్లు అరిగి ఆవిడ మానేసింది. మేనేజరు కొత్తామెని పెట్టుకున్నాడు, పేరు మాత్రం మార్చలేదు. దిగినవాళ్లకి నోరు తిరిగిన పేరు, బాగా తెలిసిన పేరు, మళ్లీ నేర్పడం దేనికి? బ్యాడ్జీలు చేయించాడు. మనిషి మారినప్పుడల్లా పనిబట్టలతోపాటు బ్యాడ్జీ కూడా విప్పి ఇచ్చి వెళ్లాలి. తరవాత వచ్చినామె అదే బ్యాడ్జీ గుచ్చుకోవాలి.

"ఉతుకుతారా కనీసం?" అంది టీచరు.

"బట్టలుతుకుతారండీ. బ్యాడ్జీకి ఉతుకేముంది?"

ఒకరు వాడిన దువ్వెన ఇంకొకరు వాడితేనే టీచరు తట్టుకోలేదు. ఇక్కడ పేరే విప్పి, చెమట ఆరకుండా ఇంకొకరికి తొడుగుతున్నారు. సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. తరవాత వాళ్లకి తెలిసేలా చెప్పింది.

"మీ లాడ్జిలో బాత్రూమ్ చెప్పులుంటాయి కదా. ఎవరొస్తే వాళ్లు కాలు దూరుస్తారు. అది కామన్ నౌన్. మీ గుమ్మంలో మీరు విప్పుకున్న చెప్పులున్నాయి, మీ కాలి అచ్చు పడింది వాటిలో, ఇంకొకరు వేసుకుంటే కరుస్తాయి. అది ప్రాపర్ నౌన్. చిట్టి మీ పేరు కాదు. బాత్రూమ్ చెప్పులు. మీ పేర్లు రాయండి."

పెద్దావిడ పలక తుడవలేదు. "ఒక మాటంటాను, ఏమీ అనుకోకండి టీచరమ్మా," అంది. "సొంత చెప్పులేసుకుని మరుగుదొడ్లోకి ఎవరు పోతారు?"

పలక ఒళ్లో పెట్టుకుని తనే చెప్పుకుపోయింది.

"తాగి కక్కుతారు. చిట్టీ అని అరుస్తారు. ఆ కక్కు ఎత్తేది చిట్టి. దుప్పట్లో ఏముందో చూసి మొహం తిప్పుకునేది చిట్టి. బూతు మాటంటే పడేది చిట్టి. సాయంత్రం బ్యాడ్జీ తీసి మేకుకి తగిలించి పోతాను. మా అమ్మ పెట్టిన పేరు ఇంటి దగ్గర, కడిగిన గిన్నెలా బోర్లించి ఉంది. దాన్నెందుకు ఇక్కడికి తెచ్చి మురికి చేసుకోవడం? మీకూ చెప్పను. తప్పుగా అనుకోకండి."

అసహ్యం తనకొక్కదానికే తెలుసనుకున్న టీచరు, తనకన్నా పదునైన ఛీ ఒకటి ఆ ముందు బెంచీలో ఇంతసేపూ నోరు మూసుకుని కూర్చుందని అప్పుడు చూసింది. సరేనంది. పెద్దావిడ పలక మీద చిట్టి అలాగే ఉండిపోయింది. నడిమామె, "నాకైతే ఏదైనా ఒకటే. జీతమిచ్చేవాడు మేకపిల్లా అన్నా మే అంటాను," అని తనూ ఉంచేసుకుంది.

చిన్నమ్మాయి మాత్రం పలక తుడిచింది. తుడిచి, తల వంచుకుని, నెమ్మదిగా వేరే అక్షరాలు పెట్టింది. బుల్లెమ్మ. మొదటి అక్షరం పెద్దది.

"పాత పేరండీ. అమ్మమ్మ పెట్టింది. అందరూ నవ్వుతారు," అంది. "పెద్దక్కా, నువ్వన్నది నిజమే. కానీ నువ్వు ఎప్పట్నించో వేసుకుంటున్నావు, ఆ చెప్పుల్లో నీ కాళ్లే ఉన్నాయి. నేను మొన్నేగా దూర్చాను. లోపల ఎవరి తడో ఇంకా ఆరలేదు."

"ఏమైందే?" అంది పెద్దావిడ.

అప్పుడు చెప్పింది. పైఅంతస్తులో దిగిన ఒకాయన ఆమె బ్యాడ్జీ చూసి, "ఓహో, నువ్వేనా చిట్టివి? పోయినసారి నా వాచీ కాజేసింది నువ్వేగా," అన్నాడు. నేను కాదండీ, నేను కొత్తదాన్నండీ అంది. ఆయన కిందికి ఫోన్ చేశాడు. మేనేజరు పైకొచ్చి ఆమెని పక్కకి పిలిచి, "ఆయన కంప్లైంటు చిట్టి మీద. నువ్వు చిట్టివి. సారీ చెప్పు, అయిపోతుంది," అన్నాడు. చెప్పింది. అప్పటినుంచీ ఆ వరండాలో ఆమె నడుస్తుంటే జనం గదులకి తాళాలు వేసుకుంటున్నారు.

"నా పేరు నేను చెప్పుకుంటే తప్పా టీచరమ్మా?" అంది చివరికి. "పరీక్షలో?"

నడిమామె కూడా నవ్వలేదు.

టీచరు ఆ సాయంత్రమే డైరెక్టరుగారి గదికి వెళ్లింది. ఆయన చెవి మీద పుల్ల తీసి మళ్లీ పనిలోకి దించుతున్నాడు. ఆవిడ గోడతో చెప్పింది, ఎవరి పేరు వాళ్లు చెప్పుకునేలా నేర్పుతానని.

"అయ్యో మేడమ్," అన్నాడాయన పుల్ల పక్కకి నెట్టి. "మేనేజరుగారు అడిగిన మొదటి వాక్యమే అది. మై నేమ్ ఈజ్ చిట్టి. ఆయనకి ఒక్కో అంతస్తుకి ఒక చిట్టి కావాలి, అంతే. మన క్లాసు ఇప్పుడు నిలబడిందంటే ఆ లాడ్జి మీదే. పేరుదేముంది? మన మేడ అద్దె కట్టడానికి పనికిరాని పేరెందుకు?"

"ఒక చిట్టి," అంది ఆవిడ.

"ఆఁ, ఒక చిట్టి."

"ఛీ," అంది. ఆయనకి అలవాటే కాబట్టి పట్టించుకోలేదు.

అన్నగారింట్లో ఆ రాత్రి భోజనాల దగ్గర వదినగారు, "ఏమిటి, మళ్లీ ఎవరు చెవిలో వేలు పెట్టుకున్నారు?" అంది. టీచరు జరిగింది చెప్పింది. వదినగారు, "ఆ పిల్ల ఉద్యోగం పోతే నువ్వు పెడతావా అన్నం? ఊరికే ఎగదొయ్యకు. నీకేం, ఛీ అని లేచి రావడం తెలుసు. లేచి రాలేనివాళ్లుంటారు," అంది. ఎప్పుడూ వేళాకోళమాడే మనిషి మామూలుగా మాట్లాడేసరికి అది ముల్లులా దిగింది.

అందుకని మర్నాడు బుల్లెమ్మతో ఏమీ దాచకుండా చెప్పింది. "నీ పేరు చెప్తే పని పోవచ్చు. చిట్టి అంటే ఉంటుంది. రెండు వాక్యాలూ నేర్పుతాను, ఏది చెప్తావో నీ ఇష్టం. నువ్వు ఏది చెప్పినా నేను కోప్పడను."

"మీరేం చేస్తారు?" అంది బుల్లెమ్మ.

"నేను తప్పుని తప్పంటాను, ఒప్పుని ఒప్పంటాను. నాకు వచ్చిన పని అదొక్కటే."

పరీక్ష రోజున కింద కాలవ పొంగింది. మెట్ల మొదట్లో చేప పేగులు తేలుతున్నాయి, ఈగలు ఒక దుప్పటిలా లేచి మళ్లీ వాలుతున్నాయి. మేనేజరు బూట్లు తడవకుండా గెంతుతూ పైకొచ్చాడు. చిటికెనవేలి గోరు పొడుగ్గా పెంచుకున్న మనిషి. వచ్చీరాగానే జేబులోంచి సెంటు బుడ్డి తీసి గది నలుమూలలా కొట్టాడు. నీచు వాసన పోలేదు, దాని మీద మల్లెపూలు కుళ్లినట్టయింది. డైరెక్టరుగారు టీ తెప్పించాడు. మేనేజరు గోరుతో మీగడ తీసి బల్ల అంచుకి రాశాడు. ఛీ టీచరు కిటికీవైపు చూస్తూ నిలబడింది.

"మై నేమ్ ఈజ్ చిట్టి. హౌ కెన్ ఐ హెల్ప్ యూ?" అంది పెద్దావిడ, కళ్లు ఎక్కడో పెట్టి. చక్కగా అప్పజెప్పింది. నడిమామె మధ్యలో ఒకసారి నవ్వి, సారీ అని, అది కూడా ఇంగ్లీషే కాబట్టి నెగ్గింది.

"నెక్స్ట్ చిట్టి," అన్నాడు మేనేజరు.

బుల్లెమ్మ లేచింది. బ్యాడ్జీ మీద ఒక చెయ్యి ఉంది, దాచుకోడానికో, తీయడానికో తెలియకుండా. "మై నేమ్ ఈజ్ బుల్లెమ్మ," అంది. "హౌ కెన్ ఐ హెల్ప్ యూ?"

మేనేజరు పకపకా నవ్వాడు. "బుల్లెమ్మా? ఎవరే ఆవిడ? నాకు బుల్లెమ్మ లేదే లాడ్జిలో! మళ్లీ చెప్పు."

"మై నేమ్ ఈజ్ బుల్లెమ్మ."

"పొగరుబోతా, చెప్పిందేదో చెప్పి కూర్చోవే," అని పెద్దావిడ పళ్ల మధ్యనుంచి అంది. "రేపు ఏం తింటావు?" కోపంగానే అంది. కళ్లల్లో మాత్రం భయముంది.

మేనేజరు నవ్వు ఆపాడు. "డైరెక్టరుగారూ, మొదటి వాక్యమే రాలేదు ఈ పిల్లకి. మీ టీచరేం నేర్పింది?"

"మేడమ్, సరిదిద్దండి," అన్నాడు డైరెక్టరుగారు. ఆవిడ కదలకపోయేసరికి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. పుల్ల ఆవిడ మొహానికి జానెడు దూరంలో ఉంది. "ఒక్క మాట. తప్పు అనండి చాలు. మీ నోటితో అంటే ఆ పిల్ల వింటుంది. దాని పనీ ఉంటుంది, మీ పనీ ఉంటుంది."

ఆవిడ బుల్లెమ్మ వైపు చూసింది. తప్పు అంటే నిజంగానే వింటుందా పిల్ల. వినేలాగే ఉంది. గురువు నోటి మాట కోసం చూస్తున్న కళ్లవి. పని మిగుల్తుంది. వదినగారి మాట చెవిలో ఇంకా ఉంది. ఒక్క చిన్న మాట, అందరూ వేసుకునే మాట.

"వాక్యం సరిగ్గానే ఉందండీ," అంది. "నేను దిద్దడానికేమీ లేదు."

"అంటే?"

"పాస్."

"ఈ పిల్ల రేపట్నించి రానక్కర్లేదు," అన్నాడు మేనేజరు, టీ పక్కకి జరిపి. "బ్యాడ్జీ ఇక్కడ పెట్టు."

"మీరు కూడా మేడమ్," అన్నాడు డైరెక్టరుగారు, మేనేజరు మొహం చూస్తూ.

బుల్లెమ్మ బ్యాడ్జీ తీసి బల్ల మీద పెట్టింది. పిన్ను గుచ్చిన చోట చొక్కాకి రెండు చిల్లులున్నాయి. టీచరు సుద్దముక్కలు డబ్బాలో పెట్టి మూత వేసింది. బోర్డు తుడిచే గుడ్డ ఒకటి ఉండేది, ఎన్నడూ ఉతకనిది. దాన్ని ఈసారి కూడా ముట్టుకోకుండా, రాసినవి బోర్డు మీద అలాగే వదిలేసి సంచి భుజాన వేసుకుంది. పెద్దావిడ తలెత్తలేదు. నడిమామె నోటికి పలక అడ్డం పెట్టుకుంది. ఈసారి అది నవ్వు కాదు.

ఎదుటి దుకాణంలో పంక్చర్లతను ట్యూబుని నీళ్లలో ముంచి బుడగలు వెతుకుతూ తలెత్తింది అప్పుడే. అతను చూసింది అబద్ధం కాదు. ఛీ టీచరు ముక్కుకి చేతిరుమాలు గట్టిగా అదుముకునే మెట్లు దిగింది. వెనక్కి చూడలేదు.

చేతిరుమాలు పట్టుకున్నది ఎడమ చెయ్యి. కుడి చేత్తో, కాలు జారకుండా, బుల్లెమ్మ చెయ్యి పట్టుకుని ఉంది.